దమ్ము చేసిన బండా, తోటలో తిరిగిన బండా? సెకండ్ హ్యాండ్ కుబోటా నియోస్టార్ బి2441 రివ్యూ

అందరికీ నమస్కారం అండి. ఇదిగో, మన చీనీ (బత్తాయి) తోటలోకి వచ్చిన చిన్న ట్రాక్టర్ బండి. కుబోటా నియోస్టార్ బి2441. 24 హార్స్ పవర్, 3 సిలిండర్లు, ఫోర్ వీల్ డ్రైవ్. కొత్తది కాదు, సెకండ్ హ్యాండ్.

కొత్త బండి రివ్యూలు యూట్యూబ్‌లో బోలెడున్నాయి. షోరూమ్ ముందు నిలబెట్టి బ్రోచర్‌లో ఉన్నదంతా చదివేస్తారు. పాతది కొనేవాడికి ఆ బ్రోచర్ సగం కూడా పనికిరాదు. ఒకే మోడల్, ఒకే సంవత్సరం బండ్లు రెండు పక్కపక్కన పెట్టండి. ఒకటి ఏళ్ల తరబడి నడుస్తుంది, రెండోది కొన్న మొదటి సీజన్‌లోనే షెడ్డుకెక్కుతుంది. ఎందుకంటే ఒకటి మెట్టలో, తోటలో తిరిగింది. ఇంకోటి మాగాణిలో దమ్ము చేసింది, అంటే వరి నాటుకి నీళ్లు పెట్టిన మడిని బురదగా దున్నింది. అందరూ మొదట "ఎన్ని గంటలు నడిచింది?" అని అడుగుతారు. నన్నడిగితే "ఏ పని చేసింది?" అన్నదే మొదట అడగాలి. అమ్మేవాళ్లు చెప్పినా చెప్పకపోయినా బండి మీద ఆ ఆనవాళ్లు ఉంటాయి.

అందుకే ఇంజన్ దగ్గర మొదలుపెట్టడం లేదు. కింద కూర్చుందాం రండి. కెమెరా కొంచెం దించు తమ్ముడూ.

ఇది ముందు యాక్సిల్, అంటే ముందు చక్రాల ఇరుసు. ఈ బండిలో ముందు చక్రాలకు పవర్ బెవెల్ గేర్ల ద్వారా వెళ్తుంది, యూనివర్సల్ జాయింట్లు ఉండవు. అందుకే చక్రం ఇంతలా మలుపు తిరుగుతుంది చూడండి, సాలు చివర రివర్స్ కొట్టే పని చాలావరకు తప్పుతుంది. గేర్లన్నీ ఈ మూసిన పెట్టెలో, ఆయిల్‌లో ఉంటాయి. బురద లోపలికి పోకుండా, ఆయిల్ బయటికి రాకుండా కాపాడేది ఇక్కడున్న ఆయిల్ సీల్. దమ్ములో తిరిగితే ఈ సీల్ అంచు దగ్గర ఇసుక, గడ్డి పోచలు చేరతాయి. మెల్లగా అంచు అరిగిపోతుంది. ముందు ఆయిల్ చెమ్మ కనిపిస్తుంది, ఆ తర్వాత నీళ్లు లోపలికి పోతాయి. నీళ్లు పోయిన యాక్సిల్‌లో బేరింగులు, గేర్లు తుప్పు పట్టి అరుగుతాయి, పైకి మాత్రం ఏమీ తెలియదు.

ఎలా తెలుసుకోవాలి? బండి రాత్రంతా కదలకుండా ఉన్నప్పుడు పొద్దున్నే వెళ్లండి. ఆయిల్ దించే ఈ డ్రెయిన్ ప్లగ్‌ని కొద్దిగా వదులు చేయించండి, పూర్తిగా తీయక్కర్లేదు. నీళ్లు ఆయిల్ కన్నా బరువు కాబట్టి అడుగుకి దిగి ఉంటాయి, ముందు అవే కారతాయి. ఈ పని చేయడానికి ఒప్పుకోని వాళ్ల దగ్గర కొనకపోవడమే మేలు.

ఈ బండికి కుడివైపు ఆయిల్ తేటగా వచ్చింది. ఎడమవైపు పాలు కలిపిన టీ రంగులో వచ్చింది, అంటే నీళ్లు కలిశాయన్నమాట. అమ్మినాయన "తోటలో తప్ప ఎక్కడా వాడలేదు" అన్నాడు. సరే అని వెనక్కి వచ్చి రిమ్ము చూశాను. ఇదిగో, ఇక్కడ చూడండి, రిమ్ము చుట్టూ అక్కడక్కడా పెయింట్ లేచిపోయి ఇనుము మెరుస్తోంది. దమ్ములో దిగబడకుండా తగిలించే ఇనుప చక్రాలు, కేజ్ వీల్స్, బిగిస్తే పడే గుర్తులవి. చీనీ తోటలో కేజ్ వీల్స్‌తో ఏం పని? నేను గొడవేమీ పడలేదు, వేలు పెట్టి చూపించానంతే. ఎడమవైపు సీలు, బేరింగుల ఖర్చు ధరలో తగ్గింది. ఇంటికి తెచ్చాక రెండు వైపులా సీళ్లు మార్పించి కొత్త ఆయిల్ పోశాం. ఇందులో కంపెనీ తప్పేం లేదు, ఎంత మంచి సీలైనా బురదలో తిరిగితే అరుగుతుంది. చూసుకుని మార్చుకోవాలి, అంతే.

ఇప్పుడు అవర్ మీటర్. ఇది చెప్పే గంటల్ని నేను పూర్తిగా నమ్మను. మీటర్ బోర్డు మార్చేసినా, కొన్నాళ్లు పని చేయకుండా ఉన్నా దానికి లెక్క తెలియదు. అరుగుదల చూడండి. క్లచ్ పెడల్ రబ్బరు ఎంత నున్నగా అయింది? ట్రాలీ తగిలించే డ్రాబార్ పిన్ను రంధ్రం గుండ్రంగానే ఉందా, కోడిగుడ్డు షేప్‌కి వచ్చిందా? పనిముట్టుని ఎత్తే లిఫ్ట్ చేతుల చివర ఈ బాల్స్ పట్టుకుని ఊపితే ఎంత ఆడుతున్నాయి? ఇంజన్ పవర్‌ని వెనక పనిముట్టుకి ఇచ్చే పీటీఓ షాఫ్ట్ పళ్లు పదునుగా అరిగాయా? మీటర్‌లో గంటలు తక్కువగా ఉండి, పెడల్ మీద ఇనుము కనిపిస్తుంటే పెడల్‌నే నమ్మండి.

ఇంజన్ విషయానికి వద్దాం. 1123 సీసీ. మనం వెళ్లేసరికి స్టార్ట్ చేసి పెట్టి ఉంటే అక్కడే అనుమానించాలి. చల్లగా ఉన్న ఇంజన్‌ని మన ముందే స్టార్ట్ చేయించాలి. అందుకే వెళ్లగానే నేను చేసే మొదటి పని పలకరించడం కాదు, బానెట్ మీద చెయ్యి పెట్టడం. ఈ ఇంజన్‌కి హీటర్ ప్లగ్గులు ఉంటాయి. చలికాలం తెల్లవారుజామున తాళాన్ని హీట్ పొజిషన్‌లో కొన్ని సెకన్లు పట్టుకుని, ఆ తర్వాత సెల్ఫ్ కొట్టాలి. అది తెలియక వరసగా సెల్ఫ్ కొట్టి బ్యాటరీ దించేసుకునేవాళ్లు ఉన్నారు.

స్టార్ట్ అయ్యాక పొగ చూడండి. మొదట్లో కాసేపు తెల్లపొగ వచ్చి ఆగితే టెన్షన్ అక్కర్లేదు. వేడెక్కాక కూడా తెల్లగా వస్తుంటే ఆలోచించాలి. నీలంగా వస్తే ఇంజన్ ఆయిల్ కాలుతోందని. లోడ్ పడ్డప్పుడు నల్లగా వస్తుంటే ముందు ఎయిర్ ఫిల్టర్ విప్పి చూడండి, మన అనంతపురం దుమ్ముకి అది సగం సార్లు ఫిల్టరే అయి ఉంటుంది. ఆ తర్వాత ఇంజన్ నడుస్తుండగా ఆయిల్ పోసే మూత తీసి చూడండి. అక్కడ పొగ గుప్పుగుప్పున తంతుంటే దాన్నే మెకానిక్‌లు బ్యాక్ కంప్రెషన్ అంటారు. పిస్టన్ రింగులు అరిగాయని. ఈ బండికి పెద్దగా లేదు.

రేడియేటర్ ఒకటి తప్పకుండా చూడాలి. చల్లగా ఉన్నప్పుడే మూత తీయండి, వేడి మీద తీస్తే మొహం కాలుతుంది. మా వైపు చాలామంది బోరు నీళ్లే పోసేస్తారు. మన బోరు నీళ్లలో ఉప్పెంతో మీకు తెలుసు, డ్రిప్ పైపుల రంధ్రాలే మూసుకుపోతాయి. రేడియేటర్ సన్న గొట్టాల్లోనూ అదే తెల్లని గార కడుతుంది. ఇందులోనూ ఉంది. ఫ్లష్ చేయించి కూలెంట్ పోశాం. రేడియేటర్ ముందున్న ఈ జాలీని గడ్డి కోసే రోజుల్లో రోజూ దులుపుకోవాలి. గాలి కొట్టేటప్పుడు లోపలి నుంచి బయటికి కొట్టండి, ఎదురు కొడితే చెత్త ఇంకా లోపలికి పోతుంది.

ఆయిళ్లన్నీ మార్చేశాను, బాగున్నాయా లేదా అని లెక్కలు వేయలేదు. పాత ఓనర్ ఎప్పుడు, ఏ ఆయిల్ పోశాడో మనకు తెలియదు కదా. ఇంజన్ ఆయిల్, ఫిల్టర్, డీజిల్ ఫిల్టర్ అందరూ మారుస్తారు. గేర్‌బాక్స్ ఆయిల్ దగ్గరికి వచ్చేసరికి లీటర్లు ఎక్కువ, ఖర్చు ఎక్కువ అని వదిలేస్తారు. ఈ బండిలో గేర్లు తిరిగేది, లిఫ్ట్ లేచేది ఒకే ఆయిల్‌తో. బ్రేక్ డిస్కులు కూడా ఆయిల్‌లోనే మునిగి ఉంటాయి. అందుకని తక్కువ ధరకి దొరికే మామూలు గేర్ ఆయిల్ పోయకూడదు, మాన్యువల్‌లో చెప్పిన రకమే పోయాలి. తప్పు ఆయిల్ పోస్తే బ్రేక్ నొక్కినప్పుడు కీచుమంటుంది, లిఫ్ట్ బద్ధకిస్తుంది. హైడ్రాలిక్ ఫిల్టర్ కూడా అప్పుడే మార్చేయండి.

లిఫ్ట్ టెస్ట్ చూపిస్తాను. ఇదిగో రోటవేటర్, తిరిగే కత్తులతో మట్టిని గుల్ల చేసే పనిముట్టు, పైకి ఎత్తాను. ఇంజన్ ఆపేశాను. ఇప్పుడు మాట్లాడుకుంటూ ఉందాం, దాని కిందికి మాత్రం ఎవరూ వెళ్లొద్దు. చూస్తుండగానే దిగిపోతుంటే లోపల సీళ్లు పోయినట్టు. కొద్దికొద్దిగా దిగడం పాత బండికి మామూలే. ఇది పర్వాలేదు.

ఇక ఫోర్ వీల్. రోడ్డెక్కినా ఈ లివర్ వేసే ఉంచేవాళ్లని చూస్తుంటాను. ముందు చక్రాలు వెనక చక్రాల కన్నా కొంచెం ఎక్కువ దూరం తిరిగేలా గేర్లు పెడతారు, మామూలుగా 1 నుంచి 5 శాతం దాకా. దున్నిన నేలలో టైరు జారుతుంది కాబట్టి ఇబ్బంది లేదు, పైగా ముందు చక్రాలు బండిని లాగుతాయి. తారు రోడ్డు మీద జారడానికి చోటుండదు, ముందు టైర్లు అరుగుతాయి, గేర్ల మీద ఒత్తిడి పడుతుంది. పాత బండి కొనేవాళ్లకి ఇందులోనే ఇంకో మెలిక ఉంది. పాత ఓనర్ వెనక టైర్లు మార్చి, దొరికిన సైజు వేశాడనుకోండి, ముందు వెనక లెక్క చెడిపోతుంది. బయటికి ఏమీ కనిపించదు, గేర్లు మాత్రం లోపల అరుగుతూ ఉంటాయి. అందుకే టైరు మీద నంబర్లు రాసుకుని మాన్యువల్‌తో సరిచూసుకోండి. దీనికి నాలుగూ సరైనవే ఉన్నాయి.

బండి బరువు సుమారు 630 కిలోలు. లిఫ్ట్ కెపాసిటీ 750 కిలోలు. ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టి ఆలోచించండి. తన బరువు కన్నా ఎక్కువ ఎత్తగలదు! ఎత్తగలదు కదా అని ఎత్తిస్తే ముందు చక్రాలు గాల్లోకి లేస్తాయి, స్టీరింగ్ తిప్పినా బండి తిరగదు. గట్టు ఎక్కించేటప్పుడు ఇది ప్రాణాల మీదికి తెస్తుంది. కాంపాక్ట్ ట్రాక్టర్ అంటే పెద్ద ట్రాక్టర్‌ని చిన్నగా చేసింది కాదు. పక్క చేనాయన రోటవేటర్ ఖాళీగా ఉంది కదా అని తెచ్చి తగిలించడానికి వీల్లేదు. తగలదు కూడా. చిన్న ట్రాక్టర్లకి వచ్చే కేటగిరీ 1 కింది పిన్ను 22 మిల్లీమీటర్లు, పెద్దవాటి కేటగిరీ 2 పిన్ను 28 మిల్లీమీటర్లు. వెల్డింగ్ షాపులో సర్దించుకొచ్చినా లాగే శక్తి ఉండాలి కదా. ఇంజన్ 24 హార్స్ పవర్ అయినా పీటీఓ దగ్గరికి చేరేది అంతకన్నా తక్కువే. నాలుగు అడుగుల లోపు తేలిక రోటవేటర్ దీనికి సరిపోతుంది.

తోటలో నడిపి చూపిస్తాను రండి.

చూశారా, కొమ్మలు ఇంత కిందికి వాలి ఉన్నా తగలకుండా పోతోంది. పెద్ద ట్రాక్టర్ తెస్తే ఒక్కో సాలుకి ఎన్ని కాయలు రాలేవో. 9 ముందు గేర్లు, 3 రివర్స్ ఉన్నాయి, రోటవేటర్‌కి లో రేంజ్ చాలు. లోతు చూడండి, రోటవేటర్ లోతుని ఆపే పక్క స్కిడ్లు సర్దేసి పైపైనే కొట్టిస్తున్నాను. చీనీ చెట్టుకి నీరు, ఎరువు పీల్చే సన్నవేర్లు ఎక్కువగా పైన ఒక అడుగు లోతులోనే ఉంటాయి. లోతుగా దున్నితే కలుపు పోతుందేమో కానీ వేళ్లు తెగుతాయి, చెట్టు నీరసపడుతుంది. వెనక టైర్లలో నీళ్లు నింపమని కొందరు సలహా ఇచ్చారు, పట్టు పెరుగుతుందని. నేను నింపలేదు. ఈ తోటకి తేలిక బండి తెచ్చిందే నేల గట్టిపడకూడదని.

ఇష్టం లేనివి కూడా చెప్తాను. ట్రాలీ పనికి ఇది బండి కాదు. వేగం గంటకి 20 కిలోమీటర్లు దాటదు, తేలిక కాబట్టి నిండు లోడ్ వెనక నుంచి తోస్తే దిగుడులో ఆపడం కష్టం. ఎరువు బస్తాలు నాలుగు తెచ్చుకోవడానికి సరే, అద్దెకి తిప్పి డబ్బులు చేద్దామంటే మర్చిపోండి. రోడ్డు మీద వెళ్లేటప్పుడు, వెనక చక్రాలకి విడివిడిగా ఉన్న రెండు బ్రేక్ పెడల్స్‌నీ ఈ లాక్‌తో కలిపేయండి. విడిగా ఉంచి వేగంలో ఒక్కటే నొక్కితే బండి పక్కకి తిరగబడుతుంది. పీటీఓ తిరుగుతుంటే కండువా మెడలో ఉండకూడదు. షాఫ్ట్ మీద ప్లాస్టిక్ గార్డ్ లేకపోతే ముందు అది కొనుక్కోండి.

ధర ఎంతకి కొన్నావని అడుగుతారు, చెప్పను. ఊరికో రేటు, బండికో రేటు, నా రేటు చూసి మీరు బేరం ఆడితే ఇద్దరికీ నష్టమే. ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకోండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి కొత్త ట్రాక్టర్ల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి దిగింది. అంతకు ముందు కొన్నాయన తను పెట్టిన పాత ధరని పట్టుకుని బేరం మొదలుపెడతాడు. మీరు ఇవాళ్టి షోరూమ్ కొటేషన్ ఫోన్‌లో పెట్టుకుని వెళ్లండి. కొత్తదానికీ దానికీ తేడా మరీ తక్కువైతే పాతది ఎందుకు?

డబ్బులు ఇచ్చేముందు ఇంజన్ నంబర్, ఛాసిస్ నంబర్ ఆర్‌సీతో కలిపి చూడండి. ఆర్‌సీలో ఫైనాన్స్ పేరుంటే బ్యాంకు ఎన్‌ఓసీ, అప్పు తీరిందని ఆర్‌సీలో ఆ పేరు తీయించే ఫామ్ 35 చేతికి రాకుండా పూర్తి డబ్బు ఇవ్వొద్దు. పేరు మార్పుకి ఫామ్ 29, ఫామ్ 30 మీద సంతకాలు అక్కడే చేయించుకోండి. మా వైపు వాళ్లు పావగడ, చళ్లకెరె నుంచి బండ్లు తెస్తుంటారు, కర్ణాటక రిజిస్ట్రేషన్ అయితే అక్కడి ఆర్టీఓ నుంచి ఫామ్ 28 ఎన్‌ఓసీ కూడా కావాలి. ఇన్సూరెన్స్ మీ పేరుకి మార్చమని 14 రోజుల్లోగా కంపెనీకి దరఖాస్తు పెట్టుకోవాలి.

స్ప్రేయర్ తగిలించి మందు కొట్టడం ఇందులో చూపించలేదు. ఈ బండికి క్లచ్ ఒకటే, నొక్కగానే బండితో పాటు పీటీఓ కూడా ఆగుతుంది. పంపు ఆగకుండా సాలు చివర ఎలా తిప్పుకోవాలో నడుపుతూ చూపిస్తేనే అర్థమవుతుంది, అది వేరే వీడియోగా పెడతాను. ఉంటానండి.