ఎల్లా జెంకిన్స్ 1966 ఆల్బమ్ రివ్యూ: క్లాసులో పిల్లలతో పాడించాక

నమస్తే అండీ. చిన్న క్లాసులకు పాఠాలు చెప్పే టీచర్ల కోసం, ఇంట్లో చిన్నపిల్లలున్న అమ్మానాన్నల కోసం ఈ రివ్యూ. ఇవాళ్టి ఆల్బమ్ పేరు ‘యూల్ సింగ్ ఎ సాంగ్ అండ్ ఐల్ సింగ్ ఎ సాంగ్’. పాడింది అమెరికాలో పిల్లల పాటలకు పేరున్న గాయని ఎల్లా జెంకిన్స్. 1966లో వచ్చింది, ఇందులో రకరకాల జాతుల, దేశాల పాటలున్నాయి. అంత పాత రికార్డు ఇప్పుడెందుకు అంటారేమో! దేశదేశాల పాటలంటూ పిల్లల కోసం వస్తున్న వీడియోలు చాలానే చూశాను. బొమ్మలు బాగుంటాయి, కానీ పిల్లలు నోరు తెరుచుకుని చూస్తూ కూర్చుంటారు. ఈ ఆల్బమ్ వాళ్లను కూర్చోనివ్వదు.

ఆవిడ 1924లో సెయింట్ లూయిస్‌లో పుట్టి, షికాగోలో పెరిగారు. 1957లో ఫోక్‌వేస్ అనే రికార్డుల కంపెనీకి మొదటి రికార్డు చేశారు. 2024 నవంబరులో, నూరేళ్లు నిండాక కన్నుమూశారు. జీవితమంతా ఒకే పద్ధతిని నమ్ముకున్నారు: కాల్ అండ్ రెస్పాన్స్. ఒకరు పాట అందుకుంటే మిగతావాళ్లు బదులు పాడతారు. మన భజనల్లో, కోలాటంలో, నాట్ల పాటల్లో ఉన్నది ఇదే. అందుకే మన పిల్లలకు ఈ పద్ధతి వేరే చెప్పక్కర్లేదు, ఇట్టే పట్టేస్తారు.

ఆల్బమ్‌లో నాకు ప్రాణం ‘డిడ్ యూ ఫీడ్ మై కౌ’. అమెరికాలోని నల్లజాతివారి జానపదం. ఆవుకు మేత వేశావా అని ఆవిడ అడిగితే, ‘ఎస్ మామ్’ అంటారు పిల్లలు. ఏం వేశావు? మొక్కజొన్న, ఎండుగడ్డి. పాలు పితికావా? ఎలా పితికావు? అలా అలా ఆవుకు జబ్బు చేస్తుంది, చచ్చిపోతుంది, రాబందులు కూడా వస్తాయి. ఎలా వచ్చాయంటే ‘ఫ్లాప్ ఫ్లాప్ ఫ్లాప్’! మా మూడో తరగతిలో ఈ చోటు వచ్చేసరికి ఒక్కరూ బెంచీ మీద లేరు. అందరూ చేతులు రెక్కల్లా ఆడిస్తూ నడవలోకి వచ్చేశారు.

చావు మాట పిల్లల పాటలో ఎందుకని ఎవరైనా అనొచ్చు. పశువులున్న ఊళ్లలో పిల్లలకు అది తెలియని సంగతేం కాదు. నేనైతే తీసేయలేదు.

రెండోరోజు రికార్డు ఆపేసి, ప్రశ్నలు అడిగే పని పిల్లలకే ఇచ్చాను. ఇంగ్లీషు పీరియడ్ అంటేనే టెన్షన్ పడే పిల్లాడు ముందు నిలబడి ‘డిడ్ యూ’ అంటూ వరసగా ప్రశ్నలు వేశాడు. తాళంలో పడితే నోరు దానంతటదే తిరుగుతుంది. ఆ తర్వాత ‘మిస్ మేరీ మ్యాక్’, ఎదురెదురుగా నిలబడి చప్పట్లు కొట్టే పాట. అది అవగానే ఆడపిల్లలు మన చెమ్మచెక్క అందుకున్నారు, ఎవరూ అడక్కుండానే.

ఇక నచ్చనిది. ఇందులో ఒక ట్రాక్ పేరు ‘మావోరీ ఇండియన్ బ్యాటిల్ చాంట్’. మావోరీలు న్యూజిలాండ్ మూలవాసులు, వాళ్లు మన ఇండియన్లూ కారు, ఇండియన్లని పిలిచే అమెరికా మూలవాసులూ కారు. పిల్లలు ఆ పేరే నిజమనుకుంటే, ఇంకో జాతిని పరిచయం చేయబోయి తప్పు నేర్పినట్టే. ఆ ట్రాక్ బదులు మావోరీలే స్వయంగా చేసే హాకా (కాళ్లు తొక్కుతూ, కేకలు వేస్తూ చేసే వాళ్ల సంప్రదాయ నృత్యం) వీడియో చూపించండి. అలాగే యూదుల సబ్బాతు (వారంలో వాళ్ల విశ్రాంతి దినం) పలకరింపు, హనుక్కా పండక్కి తిప్పే బొంగరం పాట ఉన్నాయి. అవి ఎవరివో, ఎప్పుడు పాడతారో పిల్లలకు ముందే చెప్పాలి. అందుకు ఆల్బమ్‌తో వచ్చే చిన్న పుస్తకం పనికొస్తుంది. ఫోక్‌వేస్‌ను 1987లో అమెరికాలో మ్యూజియంలు నడిపే స్మిత్సోనియన్ సంస్థ తీసుకుంది. వాళ్ల వెబ్‌సైట్‌లో ఆ పుస్తకం పీడీఎఫ్ ఉచితంగా దొరుకుతుంది.

ఒక్క పీరియడ్‌లో ఐదు దేశాలు తిప్పేయాలని మాత్రం చూడకండి. వారానికి ఒక్క పాట చాలు. గోడ మీద మ్యాపులో ఆ పాట ఎక్కడిదో చూపించండి, అక్కడి పిల్లలు ఏం తింటారో, ఏం ఆడతారో మాట్లాడండి.

నాలుగేళ్ల నుంచి ఎనిమిదేళ్ల పిల్లలకైతే కళ్లు మూసుకుని తీసుకోవచ్చు. పదేళ్లు దాటినవాళ్లకు మరీ చిన్నపిల్లల పాటల్లా అనిపిస్తాయి. బడిలో స్పీకర్ లేకపోయినా పర్లేదు, ముందురోజు ఇంట్లో విని మీరే నేర్చుకుని వెళ్లండి. మొదలు మాత్రం ఆవు పాటతోనే పెట్టండి.