కొత్త తుపాకి మీద నమ్మకం ఎప్పుడు కుదురుతుంది?

(ఒంగోలులో తుపాకి లైసెన్సుదారుల సమావేశంలో ఒక విశ్రాంత ఆర్మరర్, అంటే పోలీసు తుపాకులు బాగుచేసే ఉద్యోగి, చేసిన ప్రసంగ పాఠం)

సభలోని పెద్దలకు, సోదరులకు నమస్కారం.

కిందటి నెలలో కనిగిరి వైపు నుంచి ఒక రైతు మా ఇంటికి వచ్చి, జేబులోంచి మడతలు పడిన రంగుల కాగితం ఒకటి తీసి నా ముందు పరిచారు. కొత్తగా అమ్మకానికి వచ్చిన పన్నెండు బోరు పంపు తుపాకి, అంటే గొట్టం కింది పిడిని చేత్తో లాగి తోసి తూటా మార్చే తుపాకి, బొమ్మ అది. "సార్, ఇది ఎట్టుంటదంటారు? దుకాణమాయన కళ్లు మూసుకొని కొనమంటన్నాడు" అన్నారు. నాకు తెలియదని, ఆ దుకాణమాయనకూ తెలియదని, రెండు మూడేళ్లు గడిస్తే గాని తయారుచేసినవారికి కూడా పూర్తిగా తెలియదని చెప్పాను. ఆయన కొంచెం నిరాశపడ్డారు. జిల్లా సాయుధ దళంలో ఇన్నేళ్లు తుపాకులు విప్పి బిగించినవాడు ఇంతకంటే మంచి మాట చెప్పలేడా అనుకొని ఉంటారు. ఆ రోజు ఆయనకు చెప్పవలసినంత చెప్పలేకపోయాను కాబట్టి, ఈ రోజు మీ ముందు ఆ సమాధానాన్ని పూర్తి చేస్తాను.

ముందుగా ఒక తికమకను విడదీయాలి. తుపాకి గట్టిదనం వేరు, గురి వేరు, నమ్మకం వేరు. గొట్టం మీద ఉండే ప్రూఫ్ ముద్ర గట్టిదనానికి సంబంధించినది. మామూలు తూటా కంటే ఎక్కువ పీడనం పుట్టించే పరీక్ష తూటాను పేల్చి, గొట్టం పగలలేదని, దాని వెనక మూత వదులు కాలేదని తేల్చుకున్నాక ఆ ముద్ర కొడతారు. యూరపు దేశాలు పాటించే సి.ఐ.పి. ప్రమాణాల ప్రకారం సాధారణ 12 బోరు తూటా గరిష్ఠ పీడనం 740 బార్లు అయితే, ప్రూఫ్ పరీక్ష 930 బార్ల దగ్గర జరుగుతుంది. ముద్ర ఉంటే చేతిలో పగలదన్న భరోసా ఉంటుంది. కాని మీట నొక్కిన ప్రతిసారీ పేలుతుందనీ, పేలిన డొల్ల ప్రతిసారీ బయటికి వస్తుందనీ, రెండో తూటా అడ్డం పడకుండా లోపలికి వెళ్తుందనీ ఆ ముద్ర చెప్పదు. ఈ మూడు పనులూ వందసార్లు అడిగితే ఎన్నిసార్లు తప్పుతాయన్నదే నమ్మకం గురించిన ప్రశ్న.

దీనికి సమాధానం కాల్చి చూడడమే అని మీరంటారు. నిజమే, కాని ఎన్ని తూటాలు కాల్చాలి? కొత్త తుపాకిని రేంజికి తీసుకువెళ్లి, ఒక పెట్టె, అంటే పాతిక తూటాలు కాల్చి, ఒక్కటీ తప్పలేదని సంతోషంగా ఇంటికి వచ్చేవారు మనలో చాలామంది ఉన్నారు. ఇరవైకి ఒకసారి మొరాయించే నాసిరకం తుపాకిని తీసుకుందాం. అది పాతిక తూటాలూ తప్పకుండా కాల్చే అవకాశం ఎంతో లెక్క వేస్తే నూటికి 27 పైచిలుకు వస్తుంది. అంటే అలాంటి నాలుగు తుపాకులను పరీక్షకు పెడితే వాటిలో ఒకటి దర్జాగా నెగ్గి ఇంటికి వస్తుంది. వందకు ఒకసారి తప్పే తుపాకి అయితే యాభై తూటాల పరీక్షలో నూటికి 60 సార్లు నెగ్గుతుంది. గణాంకశాస్త్రంలో దీనికి ఒక సులువైన కొండగుర్తు ఉంది. ఒక్కటీ తప్పకుండా ఎన్ని తూటాలు కాల్చారో ఆ సంఖ్యతో మూడును భాగిస్తే, ఆ తుపాకి అసలు తప్పుల రేటు ఎంతవరకు ఉండవచ్చునో నూటికి 95 పాళ్ల ధీమాతో చెప్పే పైహద్దు వస్తుంది. యాభై కాల్చితే ఆ హద్దు వందకు ఆరు, మూడు వందలు కాల్చితే వందకు ఒకటి. వెయ్యికి ఒకటి అని చెప్పుకోవాలంటే మూడు వేల తూటాలు తప్పు లేకుండా కాలాలి. అమెరికా సైన్యం తన పంపు తుపాకుల ప్రమాణంలో 3,000 తూటాల ఓర్పు పరీక్షను పెట్టుకోవడం ఊరికే కాదు.

మన లైసెన్సు పుస్తకంలో ఏడాదికి ఇన్ని, ఒకసారి దగ్గర ఉంచుకోదగినవి ఇన్ని అని రాసిన తూటాల సంఖ్య మీ అందరికీ తెలుసు. మూడు వేలు మాట అటుంచి, మూడు వందలు కాల్చాలన్నా మనకు సంవత్సరాలు పడుతుంది. తూటా ధర సంగతి నేను ఎత్తడం లేదు. అందువల్ల మన పరీక్ష తుపాకిని వద్దనుకోవడానికి సరిపోతుంది గాని, భేష్ అనడానికి చాలదు. పాతికలో మూడు తప్పితే అది చెడ్డదని తేలిపోయినట్లే. పాతికలో ఏదీ తప్పకపోతే ఇంకా ఏమీ తేలనట్లే. ఈ తేడాను గట్టిగా పట్టుకోకపోతే మిగిలిన మాటలన్నీ వృథా.

మరి చెప్పగలిగింది ఏమీ లేదా అంటే, ఉంది. తూటాలు లేనిచోట యంత్రాన్ని చదవాలి. ఎడ్లను కొనడానికి సంతకు వెళ్లిన రైతు ఆ జతతో ఏడాదంతా దున్ని చూసి కొనడు కదా. పళ్లు చూస్తాడు, గిట్టలు చూస్తాడు, కాడి కట్టి నాలుగడుగులు నడిపిస్తాడు, అమ్మేవాడి ఊరు ఏదో కనుక్కుంటాడు. తుపాకికీ అలాంటి పరిశీలన ఉంది.

జంట గొట్టాల తుపాకిని చూడండి. అందులో రెండు గొట్టాలకూ చాలావరకు వేరువేరు యంత్రాంగాలు ఉంటాయి. కుడిది మొరాయించినా ఎడమది పలుకుతుంది, రెండూ ఒకేసారి తప్పడం చాలా అరుదు. అయితే రెండింటిలోనూ ఒకే పెట్టెలోని తడిసిన తూటాలు వేస్తే ఈ లెక్క చెల్లదు. పంపు తుపాకిలో కదలిక అంతా మన చేతిదే. పేలని తూటానైనా చెయ్యి లాగి బయట పడేస్తుంది. కాని కంగారులో పంపును చివరిదాకా లాగకుండా మధ్యలో తోస్తే తూటా ఇరుక్కుంటుంది. నా దగ్గరికి బాగుచేయమని తెచ్చిన పంపు తుపాకులలో సగానికి పైగా జబ్బు తుపాకిలో లేదు, లాగిన చేతిలో ఉంది. ఇక సెమీ ఆటోమేటిక్ సంగతి వేరు. కాలిన మందు వాయువుతోనో, తుపాకి వెనక్కి తన్నే వేగంతోనో అది తనంతట తాను డొల్లను తోసి కొత్త తూటాను ఎక్కించుకుంటుంది. ఆ కదలికకు బలం తూటా నుంచే రావాలి కాబట్టి, ఒలింపిక్ ట్రాప్ పోటీలలో వాడే 24 గ్రాముల తేలిక తూటా వేస్తే కొన్ని తుపాకులు సగం దాకా కదిలి ఆగిపోతాయి. వాయువుతో నడిచేదానికి మసి పేరుకుంటుంది. తన్నుడు వేగంతో నడిచేది శుభ్రంగా ఉంటుంది గాని, భుజానికి గట్టిగా ఆనించకపోయినా, బరువైన టార్చి తగిలించినా కొన్నిసార్లు పేచీ పెడుతుంది. అంటే సెమీ ఆటోమేటిక్ నమ్మకం తుపాకి ఒక్కదాని గుణం కాదు, తుపాకీ తూటా కలిసిన జంట గుణం. తూటా బ్రాండు మారిస్తే పరీక్ష మళ్లీ మొదటికి వస్తుంది.

ఇక్కడ మనకు పనికివచ్చే సంగతి ఒకటి ఉంది. మందు, దానిని అంటించే క్యాపు లేని డమ్మీ తూటాలు పేలవు, ఖర్చు కావు. జంట గొట్టాల తుపాకినీ, పంపు తుపాకినీ ఇంటి దగ్గర డమ్మీలతో మూడు వందలసార్లు కాదు, వెయ్యిసార్లు ఎక్కించి దించవచ్చు. ఆ గదిలో అసలు తూటా ఒక్కటి కూడా లేకుండా చూసుకొని, గొట్టాన్ని గోడ వైపు పెట్టి ఈ పని చేయాలన్న సంగతి మీకు నేను చెప్పనక్కరలేదు, అయినా చెబుతున్నాను. ఎక్స్‌ట్రాక్టర్ కొక్కెం (డొల్లను పట్టి లాగేది) జారుతోందా, తూటాలు నింపే మ్యాగజీన్ స్ప్రింగు చివరి తూటాను బద్ధకంగా తోస్తోందా, ఒకేసారి రెండు తూటాలు బయటికి వస్తున్నాయా అనేవి ఒక్క గ్రాము మందు కాలకుండా తెలిసిపోతాయి. సెమీ ఆటోమేటిక్‌కు ఈ అవకాశం చాలా తక్కువ. కాబట్టి తూటాలు కరువైన మన పరిస్థితిలో, చేత్తో పరీక్షించగలిగిన యంత్రాన్నే ఎంచుకోవడం తెలివైన పని అని నా అభిప్రాయం. దీనితో ఏకీభవించని యువకులు ఈ సభలోనే ఉన్నారని నాకు తెలుసు.

కొత్త తుపాకికి ప్రత్యేకంగా ఉండే చిక్కు ఏమిటంటే, దాని లోపం తయారుచేసినచోట కనిపించకుండా వాడేచోట కనిపించవచ్చు. వందేళ్ల కిందటి ఉదాహరణ చెబుతాను. అమెరికా తుపాకుల రూపకర్త జాన్ బ్రౌనింగ్ తాను రూపొందించిన సెమీ ఆటోమేటిక్ షాట్‌గన్‌ను ముందు వించెస్టర్ కంపెనీకి చూపాడు. బేరం కుదరలేదు, ఆయన దానిని బెల్జియం తీసుకుపోయాడు. తరువాత వించెస్టర్ తన సొంత తుపాకిని 1911లో తెచ్చింది. తూటా వెనక మూసే బోల్టును లాగే పిడి మీద పేటెంటు బ్రౌనింగ్‌ది కావడంతో, దీనిలో గొట్టాన్నే వెనక్కి తోసి తూటా ఎక్కించే ఏర్పాటు పెట్టారు. పొడి వాతావరణంలో, కొత్త తూటాలతో అది చక్కగా పనిచేసేది. ఆ రోజుల్లో తూటా డొల్లలు కాగితంవి. తేమకు ఉబ్బి, గొట్టంలో తూటా కూర్చునే చాంబరులో ఇరుక్కునేవి. ఇరుక్కున్నదాన్ని వదిలించడానికి మనిషి తుపాకి మడమను, అంటే భుజానికి ఆనించే చివరను, నేల మీద ఆనించి, మూతి తన ముఖం వైపు ఉండగా గొట్టాన్ని కిందికి అదిమేవాడు. ఆ అదురుకు లోపలి తూటా పేలి ప్రాణాలు పోయాయి. కాగితం మీద దిద్దిన నమూనాలో ఆ ప్రమాదాన్ని ఎవరూ చూడలేదు. 1925లో దాని తయారీ ఆగిపోయింది.

తేమ అంటే మనకు వేరే చెప్పాలా? కావలి నుంచి కృష్ణపట్నం దాకా సముద్రపు గాలిలో ఉప్పు ఉంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ముసురు. ఆ తరువాత ఉదయగిరి, వెలిగొండ వైపు దుమ్ము. రోహిణి కార్తెలో తలుపులు బిగించిన జీపులో వదిలేసిన తూటా పెట్టెను చేత్తో పట్టుకోలేం. వేడెక్కిన మందు పీడనాన్ని పెంచుతుంది, డొల్ల చాంబరు గోడకు బిగుసుకుంటుంది. తూటా అడుగు ఇత్తడిదైతే పేలాక కొంచెం వెనక్కి ముడుచుకుంటుంది. పైన ఇత్తడి పూత పూసిన ఉక్కుదైతే అంతగా ముడుచుకోదు. చాంబరు నున్నగా లేని కొత్త తుపాకిలో ఈ రెండోరకం అతుక్కుపోతుంది, దుకాణాలకు తిప్పి పంపే కొత్త తుపాకులలో కొన్నింటి అసలు జబ్బు ఇదే. అయస్కాంతం ముక్క ఒకటి పెట్టి చూస్తే తూటా అడుగు ఏదో అక్కడే తెలుస్తుంది. నా మటుకు నేను కొత్త తుపాకి పరీక్షలో రెండు రకాలూ కాలుస్తాను. చాంబరు పొడవు గుర్తు కూడా చూడండి. 70 మిల్లీమీటర్ల చాంబరులో 76 మిల్లీమీటర్ల తూటా చక్కగా దూరిపోతుంది, ఎందుకంటే ఆ కొలత పేలి విచ్చుకున్న డొల్లది. విచ్చుకోవడానికి చోటు లేక పీడనం పెరిగితే ఆ నేరం తుపాకిది కాదు.

తప్పును లెక్క కట్టేటప్పుడు కారణాన్ని పక్కనే రాసుకోవాలి. క్యాపు మీద పిన్ను గుంట లోతుగా పడి కూడా పేలకపోతే తప్పు తూటాది. గుంట పైపైన పడితే తుపాకి మీద అనుమానించాలి. అలా పేలకుండా మిగిలినప్పుడు వెంటనే తెరవకుండా, మూతిని లక్ష్యం వైపే ఉంచి కనీసం అర నిమిషం ఆగాలి. పేలిన చప్పుడు మామూలు కంటే నీరసంగా వస్తే గొట్టంలో వాడ్ (తూటాలో మందుకూ గుళ్లకూ మధ్య ఉండే బిళ్ల) ఇరుక్కుందేమో చూడకుండా రెండోది కాల్చకూడదు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఇలా విచ్చిన గొట్టం ఒకటి చూశాను. అరటి తొక్క ఒలిచినట్టు ఉంది.

మొదటి విడత తుపాకుల గురించి రెండు మాటలు. ఏ యంత్రమైనా తొలి రోజుల్లో ఎక్కువగా తప్పుతుంది. మన పొరుగున శ్రీహరికోటనే చూడండి. పి.ఎస్.ఎల్.వి. మొదటి ప్రయోగం 1993 సెప్టెంబరు 20న విఫలమైంది. ఆ తరువాత ఎన్నో విజయాలతో అది దేశానికి నమ్మిన బంటు అయింది. అంత పేరు వచ్చాక 2017 ఆగస్టు 31న ఉష్ణకవచం విడిపోక మళ్లీ విఫలమైంది. తొలి తప్పుతో యంత్రాన్ని తోసిపుచ్చలేం, పేరు చూసి కళ్లు మూసుకోనూలేం. రెమింగ్టన్ 870 పంపు తుపాకి 1950 ప్రాంతంలో వచ్చింది. దాని మీద ఇప్పుడున్న నమ్మకం లక్షలాది మంది చేతుల్లో దశాబ్దాలు నలిగితే వచ్చింది, ప్రకటనతో రాలేదు. కొత్త తుపాకి ఎంత మంచిదైనా ఆ చరిత్రను పుట్టుకతో తెచ్చుకోలేదు. అందుకే తొందర లేనివారు మొదటి ఏడాది ఆగి, ముందు కొన్నవారిని అడగడం మంచిది. అడిగేటప్పుడు "బాగుందా" అని అడగవద్దు, కొన్న మనిషి బాగాలేదని ఒప్పుకోడు. "ఎన్ని కాల్చారు, ఏ తూటా, ఎన్ని తప్పాయి" అని అడగండి. పది మంది తలా ముప్పై కాల్చి లెక్క రాసుకుంటే, ఒక మనిషికి సాధ్యం కాని మూడు వందల లెక్క మన మధ్యనే తయారవుతుంది. ఈ సమావేశం అందుకు పనికివస్తే నా రాక సార్థకమే.

2019లో ఆయుధాల చట్టాన్ని సవరించాక ఒక లైసెన్సుదారుకు మూడుకు బదులు రెండు తుపాకులకే అనుమతి మిగిలింది. తప్పు తుపాకి కొంటే డబ్బుతో పాటు ఆ రెండింటిలో ఒక చోటు కూడా పోతుంది.

ఇంకొక సంగతి. ఎన్నికలప్పుడు తుపాకులను స్టేషనులో అప్పగిస్తాం. 2024లో మార్చి నెలలో ఎన్నికల కోడ్ వచ్చింది, ఫలితాలు జూన్ 4న వచ్చాయి. అంటే నడివేసవి అంతా తుపాకి మన చేతిలో లేదు. తిరిగి తెచ్చుకున్న రోజున అది అప్పగించిన రోజునాటి తుపాకే అనుకోవద్దు. విప్పి, తుడిచి, పలుచగా నూనె పట్టించి, డమ్మీలతో యాభైసార్లు ఆడించి, ఆ తరువాత రేంజిలో నాలుగైదు కాల్చి అప్పుడు పాత లెక్కలో కలపండి.

ఆ కనిగిరి రైతు కొత్త తుపాకి ఇంకా కొనలేదు. ఆ రోజు నా దగ్గర నాలుగు డమ్మీ తూటాలు మాత్రం అడిగి పట్టుకెళ్లారు. మొన్న ఫోన్ చేశారు. ముప్పై ఏళ్లుగా నమ్ముకున్న తన పాత జంట గొట్టాల తుపాకిలో వాటిని ఎక్కించి దించుతుంటే, ఎడమ గొట్టం ఎక్స్‌ట్రాక్టర్ పదిసార్లలో నాలుగుసార్లు తూటాను పైకి లేపడం లేదట. వచ్చే ఆదివారం ముందు దాన్ని తీసుకొని రమ్మన్నాను.