ముందు పురుగుకి అన్నం పెట్టండి

అందరికీ నమస్కారం. ఆదివారం పొద్దున్నే నిద్ర మానుకుని పురుగుల గురించి వినడానికి ఇంతమంది వచ్చారంటే విజయనగరంలో నాలాంటివాళ్ళు ఇంకా ఉన్నారన్నమాట, ఆ ధైర్యంతోనే మాట్లాడతాను. ముందే చెప్పేస్తున్నా, నేను పశువుల డాక్టర్ని కాను. మెడికల్ షాపు నడుపుకుంటాను, ఆరేళ్ళుగా ఇంట్లో ఒక లెపర్డ్ గెకోని, అంటే ఒక రకం బల్లిని పెంచుతున్నాను. పేరు జీడిపప్పు, పిలవడం జీడి అని. మా అత్తగారిది పలాస లెండి.

కొత్తవాళ్ళ కోసం ఒక్క నిమిషం. ఇది మన గోడబల్లి లాంటిది కాదు. దీనికి కనురెప్పలుంటాయి, గోడ ఎక్కలేదు. అఫ్గానిస్తాన్, పాకిస్తాన్ వైపు రాతినేలల్లో తిరిగే జీవి, బాగా చూసుకుంటే 15 ఏళ్ళు, 20 ఏళ్ళు కూడా ఉంటుంది. దీని దాయాది ఒకటి మన తూర్పు కనుమల్లోనూ ఉంది, కనిపిస్తే విషప్పురుగని కొట్టి చంపేస్తారు, దానికి విషమే లేదు పాపం. దాన్ని పట్టి తెచ్చుకునే ఆలోచన మాత్రం చెయ్యకండి, అది అడవిది, అడవిలోనే ఉండనివ్వండి. పెంపకంలో పుట్టినదాన్ని కొనేటప్పుడు కూడా ఎక్కడిది, కాగితాలున్నాయా అని అడగండి, అటవీ శాఖ ఆఫీసులో ఒకసారి కనుక్కోండి.

సరే, తిండి. గెకో ఆకులు తినదు, పళ్ళు తినదు, అన్నం అసలే తినదు. దానికి పురుగులే కావాలి, అవి బతికుండాలి, కదలాలి. నా షాపుకొచ్చి అందరూ అడిగేది ఒకటే, ఏ పురుగు మంచిది అన్నా అని. మీ ఇంట్లో, మీ చేత్తో మీరు బతికించుకోగలిగిన పురుగే మంచిది. ఎందుకంటే ఎక్కడో డబ్బాలో నాలుగు రోజులు పస్తులుండి వచ్చిన పురుగుని గెకో ముందు వెయ్యడమంటే ఖాళీ క్యారేజీ పంపించడమే, మూత తీస్తే లోపలేం ఉండదు. కడుపు నిండిన పురుగు కావాలంటే పెట్టే ముందు ఒక రోజు, రెండు రోజులు మనమే దాన్ని మేపాలి. మేపాలంటే అది మన దగ్గర బతకాలి కదా. మొత్తం లెక్క ఇక్కడే ఉంది.

మొదట నేను ఇలకోళ్ళు తెప్పించాను, రెక్కల మొదట్లో రెండు పసుపు మచ్చలుండే నల్లవి. మంచి తిండే, మాంసకృత్తులెక్కువ, కొవ్వు తక్కువ, గెకో ఎగిరి మరీ పట్టుకుంటుంది. కాకపోతే మే నెలలో తెప్పించాను. పార్సిల్ మధ్యాహ్నమంతా ఎండలో పడుంది, ఇంటికొచ్చి అట్టపెట్టె తెరిస్తే కంపు కొట్టింది, వందలో పాతిక కదులుతున్నాయి. ఆ మిగిలినవాటిలో మగవి రాత్రంతా రెక్కలు రుద్దుకుంటూ పాడుతూనే ఉన్నాయి, మా ఆవిడ దిండు పట్టుకుని హాల్లోకి వెళ్ళిపోయింది.

ఇంకో తప్పు కూడా అప్పుడే చేశాను. ఐదారు ఇలకోళ్ళని ఒకేసారి గెకో ఉండే పెట్టెలో వదిలేసి పడుకున్నాను. ఆకలేస్తే అవి గెకోనే కొరుకుతాయని నాకు తెలీదు. పొద్దున్న చూస్తే జీడి తోక మీద చర్మం ఒకచోట ఎర్రగా లేచిపోయి ఉంది, గోరంత గాయం, తనేమో ఓ మూల కళ్ళు మూసుకుని కూర్చుంది. అప్పట్నుంచీ ఒక్కొక్కటే వెయ్యడం, పది పదిహేను నిమిషాల్లో తిననివి తీసెయ్యడం.

మరి ఆ ఇలకోళ్ళని మేపుదామని కొత్తిమీర వేశాను చూడండి, అదీ వినాలి. బజారు నుంచి తెచ్చిన కట్ట, కడగకుండానే డబ్బాలో పడేశాను. పొద్దున్నకి సగం వెల్లకిలా పడున్నాయి. మిగతా సగం కాళ్ళు మాత్రం ఆడిస్తున్నాయి. ఆకు మీద కొట్టిన మందే అయ్యుంటుంది, ఇంకేం మారలేదు మరి. ఆ రాత్రి అదే కట్టలోంచి మా చారులోనూ వేశారు, ఆ సంగతి ఇంట్లో ఇంతవరకూ చెప్పలేదు.

అందుకే బయట పట్టిన పురుగులొద్దంటాను. తొలకరికి దీపం చుట్టూ ఉసుళ్ళు ముసురుకుంటాయి, పళ్ళెంలో నీళ్ళు పెడితే గుప్పెడు దొరుకుతాయి, మన వైపు వేయించుకుని తినేవాళ్ళూ ఉన్నారు, గెకోకి పెడితే ఏమవుతుందని అడుగుతారు. పురుగు తప్పేం లేదండీ, అది ఏ చెదలమందు కొట్టిన పుట్టలోంచి లేచిందో ఎవరికి తెలుసు? వరిచేలో మిడతలూ అంతే. వంటింట్లో బొద్దింకలు మరీ ఘోరం, పక్కింటివాళ్ళు పెట్టిన మందు తిని మనింటికొచ్చి ఉండొచ్చు. మిణుగురుల సంగతైతే గట్టిగా చెబుతున్నా, వాటి ఒంట్లోనే విషం ఉంటుంది, ఒక్కటి చాలు బల్లి చావడానికి.

ఇప్పుడు నేను వాడుతున్నవి రెండు. ఒకటి మీల్‌వర్మ్. మన పిండిడబ్బాలో పడే పెంకుపురుగుల వంశంలోదే ఈ పిల్లపురుగు, కాస్త పెద్దది. నాలుగంగుళాల లోతున గోధుమ తవుడు, పైన ఒక క్యారట్ ముక్క, అంతే దాని సంసారం. చప్పుడుండదు, వాసనుండదు. ఫ్రిజ్‌లో పెడితే ఎదుగుదల ఆగి వారాల తరబడి అలాగే ఉంటుంది, పెట్టేముందు మాత్రం ఒక రోజు బయటికి తీసి మేపాలి. మన దగ్గర దీనికి శత్రువు వానాకాలం. జులైలో తవుడు చెమ్మ పట్టి, ముద్దకట్టి, దుమ్ములాంటి సన్న పురుగులు పట్టేస్తాయి. నేను తవుడుని బాణలిలో వేడిచేసి, చల్లారాక పోస్తాను, తడి కూరముక్కని రాత్రికి తీసేస్తాను.

రెండోది డూబియా, అంటే ఒక రకం బొద్దింక. ఇది తెచ్చిన రోజు మా అమ్మ గుమ్మంలోనే నిలబడిపోయింది. "బొద్దింకల్ని చంపడానికి ఊరంతా మందులు కొంటంటే నువ్వు డబ్బులిచ్చి పెంచడమేటిరా?" అంది. న్యాయమే. కానీ ఇది నున్నటి ప్లాస్టిక్ గోడ ఎక్కలేదు, అరవదు, గుడ్లు బయట పెట్టదు, పిల్లల్నే కంటుంది. పిల్లలు పెట్టాలంటే 28 నుంచి 32 డిగ్రీల వేడి కావాలి, చలిదేశాల వాళ్ళు దానికోసం హీటర్లు పెట్టుకుంటారు, మనకి ఏడాదిలో ఎక్కువ నెలలు దేవుడే పెడతాడు. ఒక్కటే షరతు, బయట వదలకూడదు, ఇది మన నేల పురుగు కాదు.

సూపర్‌వర్మ్, అంటే మీల్‌వర్మ్ లాంటిదే ఇంకా పెద్ద పురుగు, ఎప్పుడైనా ఒకటి. కొవ్వెక్కువ, కొరుకుతుంది, ఫ్రిజ్‌లో పెడితే చచ్చిపోతుంది. వాక్స్‌వర్మ్ గురించి తేనెపెట్టెలు పెట్టేవాళ్ళకి చెప్పక్కర్లేదు, పట్టుల్లో మైనం తినేసే పురుగే అది. గెకోలకి అది మిఠాయి. మూడు వారాలు అదే పెట్టానేమో, జీడి ఇంక మీల్‌వర్మ్ వైపు మొహం తిప్పలేదు, తోకేమో ఊరి గుమ్మడికాయలా తయారైంది. మళ్ళీ దారికి తేవడానికి నెల పట్టింది.

కాల్షియం గురించి కాస్త ఎక్కువ మాట్లాడతాను, ఇది నా వ్యాపారం కూడా. ఇలకోడిలోగానీ మీల్‌వర్మ్‌లోగానీ భాస్వరం ఎక్కువ, కాల్షియం చాలా తక్కువ. కావలసింది దానికి తలకిందులు, సుమారు రెండుపాళ్ళు కాల్షియానికి ఒకపాలు భాస్వరం. తిండిలో లేకపోతే ఒళ్ళు తన ఎముకల్లోంచే లాక్కుంటుంది, దవడ మెత్తబడుతుంది, కాళ్ళు వంకరపోతాయి. బ్లాక్ సోల్జర్ ఫ్లై అనే ఈగ పిల్లపురుగులో మాత్రం కాల్షియం బాగా ఉంటుంది, శుభ్రమైన మేతతో పెంచినవి దొరికితే తీసుకోండి. మిగతావాటికి పొడి అద్దాలి. చిన్న కవర్లో చిటికెడు పొడి, నాలుగు పురుగులు వేసి ఊపితే చేపముక్కలకి పిండి అద్దినట్టు తెల్లగా పడుతుంది. వెంటనే పెట్టెయ్యాలి, ఆలస్యం చేస్తే ఇలకోడి కాళ్ళతో దులిపేసుకుంటుంది. మనుషుల మాత్రలు నూరి వెయ్యకండి, ఒక్కో మాత్రలో 500 మిల్లీగ్రాముల కాల్షియంతో పాటు విటమిన్ డి3 కూడా ఉంటుంది, అది మన బరువుకి తగ్గ మోతాదు. సరీసృపాల కోసం అమ్మే పొడే వాడండి. కిళ్ళీలో సున్నం పనికొస్తుందా అని మొన్నొకాయన అడిగారు. దణ్ణం పెడతాను, నోరు కాలిపోతుంది.

పురుగుకి మేతగా మునగాకు, గుమ్మడి, క్యారట్, అన్నీ కడిగి. పాలకూర వద్దు, అందులోని ఆక్సలేట్లు కాల్షియాన్ని పట్టేసుకుంటాయి. పురుగు సైజు గెకో రెండు కళ్ళ మధ్య దూరం దాటకూడదు. పిల్లకి రోజూ, పెద్దదానికి రెండు మూడు రోజులకోసారి. కడుపు కింద వేడి చాలకపోతే ఏ పురుగు పెట్టినా అరగదు, పెట్టెలో ఓ పక్క నేల 32 డిగ్రీలు దాటి ఉండాలి.

నాది అయిపోయింది. బయట బల్ల మీద మీల్‌వర్మ్ డబ్బా ఉంది, కావలసినవాళ్ళు ఒక్కో గుప్పెడు తవుడుతో సహా పట్టుకెళ్ళండి. మూతకి చిల్లులు మాత్రం ఇక్కడే పెట్టుకుని బస్సెక్కండి, పోయినసారి ఒకబ్బాయి ఇంటికెళ్ళాక పెడదామనుకున్నాడు, బొబ్బిలి చేరేసరికి మూతే లేదు.