ఫైటర్ చేప తోక మళ్లీ పెరగాలంటే

మిత్రులారా, నల్లగొండ పేరెత్తగానే బయటివాళ్లకు గుర్తొచ్చేది ఫ్లోరైడు. పటిక, సున్నం కలిపి నీటిలో ఫ్లోరైడును తగ్గించే పద్ధతిని 1970లలో నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ ‘నీరి’ శాస్త్రవేత్తలు రూపొందిస్తే, దానికి మన ఊరి పేరే స్థిరపడింది. అందుకేనేమో, ఇంట్లో ఫైటర్ చేప (బెట్టా) తోక చీలికలైనా నింద ఫ్లోరైడు మీదికే పోతుంది. నా అనుమానం మాత్రం అమ్మోనియా మీద.

చేప మొప్పల నుంచి, తినకుండా వదిలిన మేత నుంచి అమ్మోనియా పుడుతూనే ఉంటుంది. మన బోరు నీళ్లకు చాలాచోట్ల క్షార గుణం ఎక్కువ. పీహెచ్ 7 ఉన్న నీటికంటే 8 ఉన్న నీటిలో అమ్మోనియా విషరూపం దాదాపు పది రెట్లు ఉంటుంది. అలాంటి నీళ్లు ఓ చిన్న గాజు గిన్నెలో పోసి, ‘బెట్టా గాలి పీల్చి బతుకుతుంది, దానికి ఇవి చాలు’ అని అమ్ముతారు. గాలి పీల్చే అవయవం దానికి ఉన్నమాట నిజమే. అది ఆక్సిజన్‌ను అందిస్తుంది గానీ నీటిలోని విషాన్ని ఆపదు. మొప్పలూ రెక్కల పలుచటి చర్మమూ దెబ్బతింటాయి. నీటిలో మామూలుగా ఉండే ఏరోమోనాస్ లాంటి బ్యాక్టీరియాకు అప్పుడు సందు దొరుకుతుంది, తోక కుళ్లడం మొదలవుతుంది.

ఇక మళ్లీ పెరగడం సంగతి. తోకలోని ఒక్కో పుల్లను భూతద్దంతో చూడండి, వెదురు కణుపుల్లా చిన్న చిన్న ముక్కలు కనిపిస్తాయి. తెగిన చోటును ముందు చర్మం కప్పేస్తుంది. దాని కింద కొత్త కణాలు గుమిగూడి, పుల్ల చివరన ఒక్కో కణుపే చేరుస్తూ పోతాయి. రంగు ఆలస్యంగా వస్తుంది. కాబట్టి మొదట కనిపించేది గాజులాంటి పారదర్శకమైన అంచు. దాన్ని బూజు అనుకుని మందు పోసేవాళ్లు ఎందరో! కుళ్లు అయితే అంచు నల్లబడి గానీ ఎర్రబడి గానీ రోజురోజుకూ లోపలికి జరుగుతుంది. కొత్త పెరుగుదల బయటికి జరుగుతుంది.

దుకాణంలో ఇచ్చే నీలం మందు ఫిల్టర్‌లోని మేలుచేసే బ్యాక్టీరియానూ దెబ్బతీస్తుంది. అమ్మోనియాను హరించేది ఆ బ్యాక్టీరియాయే. అందుకే నేను మందు కంటే ముందు 15, 20 లీటర్ల తొట్టి, స్పాంజి ఫిల్టర్ అడుగుతాను. నీళ్లన్నీ ఒకేసారి పారబోయకుండా పావు వంతు చొప్పున మార్చండి. కుళాయి నీళ్లయితే క్లోరిన్ తీసే చుక్కలు కలపండి. స్పాంజిని తొట్టి లోంచి తీసిన నీళ్లలోనే పిండండి, సబ్బు వద్దు.

వేడి కూడా ముఖ్యమే. బెట్టాకు 25 నుంచి 28 డిగ్రీలు కావాలి. డిసెంబరు రాత్రుల్లో మన ఇళ్లలో నీళ్లు అంతకంటే బాగా చల్లబడతాయి, పెరుగుదల మందగిస్తుంది. హీటర్ పెట్టాల్సిందే. బాదం చెట్టు కింద రాలిన ఎండుటాకు ఒకటి కడిగి వేయడం పాత అలవాటు, నాకూ ఇష్టమే. నీళ్లు టీ రంగుకు వస్తాయి, భయపడకండి. అయితే అది హీటర్‌కూ ఫిల్టర్‌కూ బదులు కాదు.

బరువైన తోకలున్న హాఫ్‌మూన్ రకాలు కొన్ని తమ తోకను తామే కొరుక్కుంటాయి. అంచు అర్ధచంద్రాకారంలో తెగి ఉంటే అదే అయ్యుండవచ్చు. పుల్ల మొదలు వరకూ పోయిన రెక్క మాత్రం సరిగా తిరిగి రాకపోవచ్చు. అంతదాకా రానివ్వకండి.

మీ ఫోన్లలో ఫొటోలుంటే ఇప్పుడు చూపించండి. తోక అంచును దగ్గర నుంచి తీసినవైతే మేలు.