నరం అంటే ఏ నరం?

అందరికీ నమస్కారం. పిల్లలూ, ఇంకొన్నాళ్లలో మీరంతా వార్డుల్లోకి వెళ్తారు కాబట్టి ఇవాళ ఒక్క మాట గురించే మాట్లాడతాను. నరం.

ఈ మాటని మనం ఎన్నిచోట్ల వాడేస్తామో చూడండి. సెలైన్ పెట్టడానికి వచ్చిన సిస్టర్ "నరం దొరకట్లేదు" అంటుంది, ఆవిడ వెతికేది సిర అనే రక్తనాళాన్ని. "మెదడులో నరం చిట్లింది" అంటారు, అది చాలాసార్లు ధమని, అదీ రక్తనాళమే. పొద్దున లేచేసరికి మెడ తిరగకపోతే "నరం పట్టేసింది" అంటాం, అక్కడ బిగుసుకున్నది ఎక్కువగా కండరమే. మడమ వెనక తాడులా గట్టిగా చేతికి తగిలేదాన్నీ నరమే అనుకుంటాం, అది పిక్క కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే టెండాన్, మన పుస్తకాల్లో స్నాయుబంధనం. ఇక మోచేయి తలుపు అంచుకి తగిలి చిటికెన వేలిదాకా జివ్వుమంటుంది చూశారా, అదీ అసలైన నరం. అప్పుడు మాత్రం నరం అని ఎవరూ అనరు, "షాక్ కొట్టింది" అంటారు.

ఇది తెలుగువాళ్ల తప్పేమీ కాదు. తమిళంలో నరంబు అన్నా అంతే, వీణ తీగ కూడా అందులోకే వస్తుంది. ఇంగ్లీషులో న్యూరో అని మొదలయ్యే మాటలన్నిటికీ మూలమైన గ్రీకు మాట న్యూరాన్‌కి మొదటి అర్థం స్నాయుబంధనం, వింటినారి. క్రీ.పూ. 300 ప్రాంతంలో అలెగ్జాండ్రియాలో హెరోఫిలస్ అనే వైద్యుడు శవాలను కోసి చూశాకే నరాలను ఒక ప్రత్యేకమైన అవయవంగా గుర్తించడం మొదలైంది. బయటి నుంచి చూస్తే అన్నీ తాళ్లే కదా!

నాడి సంగతి ఇంకా చిక్కు. నాడి పట్టుకుని చూడటం అంటే మణికట్టు దగ్గర, బొటనవేలి వైపున కొట్టుకునే ధమనిని చూడటం. నాడీ వ్యవస్థ అంటే మాత్రం మెదడు, వెన్నుపాము, నరాలు. నేను పదో తరగతికి చెప్పేటప్పుడు ఒకబ్బాయి "నాడులు రక్తాన్ని మోస్తాయి" అని రాశాడు. మార్కు తీసేశాను గానీ వాణ్ణి తప్పుపట్టలేకపోయాను, వాడు ఇంట్లో విన్న మాటే రాశాడు.

ధమని, సిర విషయంలో మాత్రం నాకు నచ్చని మాట ఒకటుంది, "ధమనిలో మంచి రక్తం, సిరలో చెడు రక్తం" అని బట్టీ పట్టించడం. చూడాల్సింది రక్తం ఏ దిక్కుకి పోతోందని. గుండె నుంచి బయటికి తీసుకుపోయేది ధమని, గుండెకి తెచ్చేది సిర, అంతే. అందుకే ఊపిరితిత్తులకు వెళ్లే పుపుస ధమనిలో ఆక్సిజన్ తక్కువున్న రక్తం ఉంటుంది, అక్కడి నుంచి తిరిగొచ్చే పుపుస సిరల్లో ఎక్కువున్న రక్తం ఉంటుంది. ధమని తెగితే గుండె కొట్టుకున్నప్పుడల్లా ఎర్రగా చిమ్ముతుంది, సిర తెగితే ముదురు రంగులో ఒకే తీరున కారుతుంది.

ఇదంతా పరీక్షల కోసం చెప్పట్లేదు. మా పెద్దమ్మ ముప్పై ఏళ్లు టిఫిన్ బండి దగ్గర నిలబడి దోసెలు పోసింది. పిక్కల మీద వానపాముల్లా ఉబ్బి మెలికలు తిరిగాయి. "నరాలు ఉబ్బాయి, నరాల డాక్టరుకి చూపించు" అన్నారంతా. టౌనుకెళ్లి, ఫీజు కట్టి, మధ్యాహ్నం దాకా కూర్చుంటే ఆయన చూసి "ఇవి నరాలు కావమ్మా, సిరలు, నేను చూసేవి కాదు" అని పంపేశారు. ఏ డాక్టరు దగ్గరికి వెళ్లాలో ఎవరూ చెప్పలేదు. ఏడాది పాటు నరాల బలానికని మాత్రలు మింగింది. సిరల్లో రక్తం కిందికి జారకుండా ఆపే కవాటాలు పాడైతే మాత్రలేం చేస్తాయి? చివరికి చీలమండ పైన పుండు పడి నెలల తరబడి మానలేదు. ఆ పుండుకి కట్టు మార్చింది నేనే, ఇప్పటికీ తలుచుకుంటే కష్టంగా ఉంటుంది.

కాబట్టి రేపు షుగర్ ఉన్న పెద్దాయన ఎవరైనా "కాళ్ల నరాలు లాగుతున్నాయి సిస్టర్" అంటే, కేస్ షీట్‌లో అలాగే రాసేసి వదిలేయకండి, పక్కన కూర్చుని అడగండి. రాత్రిళ్లు అరికాళ్లు మండుతున్నాయా, చెప్పు జారిపోయినా తెలియట్లేదా? అయితే దెబ్బతిన్నవి నిజంగా నరాలు కావచ్చు. కొంత దూరం నడిస్తే పిక్క పట్టేసి, నిలబడితే తగ్గి, మళ్లీ నడిస్తే మళ్లీ వస్తోందా? అప్పుడు ధమనులు సన్నబడ్డాయేమో చూడాలి. షుగర్‌లో ఒకే కాలికి రెండూ ఉండొచ్చు, అందుకే రెండు ప్రశ్నలూ అడగాలి.

సరే, ఇప్పుడు 1628లో ఇంగ్లండ్ వైద్యుడు విలియం హార్వే తన పుస్తకంలో బొమ్మలు వేసి చూపించిన పని మనం కూడా చేద్దాం. పక్కనున్న అమ్మాయి మోచేతి పైన చున్నీ కాస్త బిగించి కట్టండి, మరీ గట్టిగా వద్దు. ముంజేతిలో సిర ఉబ్బిందా? మణికట్టు వైపున ఒక వేలితో దాన్ని నొక్కి పట్టుకోండి. రెండో వేలితో అక్కణ్ణుంచి మోచేతి వైపుకి రక్తాన్ని నెట్టి, ఆ వేలు తీసేయండి. మధ్యలో సిర ఖాళీగా చదునుగా ఉండిపోయింది, పైనున్న రక్తం వెనక్కి రాలేదు, చూశారా? కవాటం పట్టి ఉంచింది. ఇప్పుడు మొదటి వేలు కూడా తీసి, ఎటువైపు నుంచి నిండుతోందో చూడండి.