ఇంట్లో హార్డ్‌వుడ్ ఫ్లోర్ వేయించి రెండేళ్ళు: పైన రూమ్‌లో ఏం తప్పు జరిగింది, కింద హాల్లో ఏం చేశాం

నమస్తే అండీ అందరికీ. మాది డాలస్ దగ్గర ఫ్రిస్కో. కార్పెట్ పీకించేసి చెక్క ఫ్లోర్ వేయించి రెండేళ్ళు దాటింది, రెండు ఎండాకాలాలు, రెండు చలికాలాలు చూసేసింది, అందుకే రివ్యూ ఇప్పుడు చెప్తున్నా, వేసిన రోజు ఏ ఫ్లోరైనా బాగానే ఉంటుంది కదా.

ముందు పైకి రండి. ఇది సాలిడ్ రెడ్ ఓక్, అంటే పొరలు లేకుండా మొత్తం ఒకే చెక్క, ముప్పావు అంగుళం మందం, 5 అంగుళాల వెడల్పు, కింద ప్లైవుడ్ కాబట్టి మేకులు కొట్టి బిగించారు. ఇదిగో కిటికీ దగ్గర, కెమెరా కిందకి దింపుతా, రెండు పలకల మధ్య సందు కనిపిస్తోందా? క్వార్టర్ కాయిన్ నిలువుగా పెడితే లోపలికి దిగిపోతోంది చూడండి. ఆగస్టులో వేసినప్పుడు ఇక్కడ కాగితం కూడా దూరేది కాదు. ఏమైందంటే, పలకల పెట్టెలు పది రోజులు గ్యారేజ్‌లో పెట్టించారు, అక్కడ ఏసీ ఉండదు, చెక్క గాల్లో తేమ పీల్చుకుని ఉబ్బింది, ఇన్‌స్టాలర్ తేమ కొలిచే మీటర్ పెట్టి చూడకుండా ఉబ్బినదాన్ని ఉబ్బినట్టే బిగించేసి వెళ్ళిపోయాడు. జనవరిలో హీటర్ వేసేసరికి చెక్క ఎండి లాక్కుపోయింది. చెక్క పొడవులో పెద్దగా మారదండీ, మారేదంతా అడ్డంగానే, అందుకే పలక ఎంత వెడల్పుంటే సందు అంత పెద్దది. 3 అంగుళాలు, అంతకన్నా వెడల్పు పలకలైతే పలకలో తేమకీ కింద ప్లైవుడ్‌లో తేమకీ తేడా 2 శాతం దాటకూడదు. మీటర్ పెట్టి చూడ్డానికి ఐదు నిమిషాలు పట్టదు, అడిగి మరీ చూపించమనండి.

ఇప్పుడు కింద హాలు. ఇక్కడ కింద కాంక్రీట్ స్లాబ్, మేకులు దిగవు, కాంక్రీట్‌లోంచి తేమ పైకి వస్తూనే ఉంటుంది, అందుకే ఇంజినీర్డ్ తీసుకున్నాం, అంటే పొరలుగా అతికించిన పలక. పైన 4 మిల్లీమీటర్లు అసలైన వైట్ ఓక్, దాని కింద అడ్డం నిలువు పొరలుగా ప్లై, ఒక పొర ఇంకో పొరని కదలనివ్వదు. 2 మిల్లీమీటర్లది చవగ్గా వస్తుంది కానీ రేపు గీతలు పడితే సాండింగ్, అంటే పైపైన అరగదీయడం, చేయించడానికి పైన చెక్క మిగలాలి కదా, నేనైతే ఆ డబ్బు పెట్టేయమంటా. ఈసారి వేరే ఆయన వచ్చాడు, స్లాబ్‌లో రంధ్రం చేసి ప్రోబ్ పెట్టి మర్నాడు వచ్చి తేమ చూసుకున్నాడు, పెట్టెలు హాల్లోనే ఏసీ వేసి వారం ఉంచాడు, పది అడుగుల బద్ద వేసి స్లాబ్ ఎక్కడ పల్లంగా ఉందో చూసి ఆ చోట్ల సరిచేసి, అప్పుడు గ్లూ పెట్టాడు. గోడల వెంట అర అంగుళం వదిలాడు, గోడ అడుగున కొట్టే చెక్క పట్టీ, బేస్‌బోర్డ్, దాన్ని కప్పేస్తుంది, అది వదలకపోతే చెక్క ఉబ్బినప్పుడు మధ్యలో లేస్తుంది. ఇదే జనవరిలో ఇక్కడ చూడండి, గోరు కూడా పట్టట్లేదు.

ఏ చెక్క అంటే, గట్టిదనానికి జాంకా నంబర్ చూడండి, అది ఎంత ఎక్కువైతే చెక్క అంత గట్టి, వాల్‌నట్ 1010, రెడ్ ఓక్ 1290, వైట్ ఓక్ 1360, హికరీ 1820. వాల్‌నట్ రంగు చూస్తే మనసు లాగేస్తుంది, కానీ మన ఇళ్ళల్లో ఇత్తడి చెంబు జారితే చాలు గుంట పడుతుంది. వైట్ ఓక్‌లో ఇంకో మంచి గుణం, దాని రంధ్రాలు సహజంగా పూడుకుని ఉంటాయి, నీళ్ళు తొందరగా లోపలికి పోవు, పీపాలు దాంతోనే చేసేది అందుకే. కొనేటప్పుడు లెక్క కన్నా 10 శాతం ఎక్కువ తీసుకోండి, కోతల్లో పోతుంది.

వాడకం సంగతి. గుంటూరు నుంచి అమ్మ వచ్చింది, రాగానే బకెట్‌లో నీళ్ళు ఫినాయిల్ పోసి తడిబట్ట పెట్టబోయింది, పాపం ఆవిడకి ఇల్లు తుడవడమంటే అదే. కూర్చోబెట్టి పై సందు చూపించి చెప్పాను, అప్పట్నుంచి మైక్రోఫైబర్ మాప్ గట్టిగా పిండి తనే తుడుస్తోంది. స్టీమ్ మాప్ అస్సలు వద్దండి. కుర్చీల కాళ్ళకి ఫెల్ట్ ప్యాడ్లు వేయండి, బియ్యం బస్తా ఎత్తండి, ఈడ్చకండి. దేవుడి గదిలో మాత్రం టైలే ఉంచాం, నూనె, పసుపు, కుంకుమ పడే చోట చెక్క వద్దనిపించింది.

పై రూమ్‌కి ఇప్పుడు హ్యూమిడిఫైయర్ పెట్టాను, గాల్లో తేమ 30 నుంచి 50 శాతం మధ్య ఉండేలా చూస్తున్నా. సందుల్లో ఫిల్లర్ పెట్టించలేదు, ఎండాకాలం చెక్క ఉబ్బితే అది బయటికి తోసుకొచ్చేస్తుంది. మే నెలలో ఇదే కిటికీ దగ్గర ఇదే కాయిన్ పెట్టి చూపిస్తా, ఎంత మూసుకుందో మీరే చూద్దురు.