పోర్టికో ఉన్న కొత్త ఇంటికి గట్టి సింహద్వారం: టేకా, స్టీలా, ఏ తాళం?

ప్రేక్షకులందరికీ నమస్కారం. కొత్త ఇల్లు కట్టుకునేవారు సింహద్వారం కోసం టేకు ధరలు, నగిషీలు చూస్తూ ఎన్నో దుకాణాలు తిరుగుతారు గానీ, ఆ తలుపును పట్టి నిలిపే ద్వారబంధం గురించి అడిగేవారు చాలా తక్కువ. ఈ వీడియోలో టేకు తలుపును, స్టీలు తలుపును, వాటికి బిగించే తాళాలను భద్రత దృష్టితోనే పరిశీలిద్దాం.

పోర్టికో తలుపును ఎండావానల నుంచి కాపాడుతుంది, నిజమే. అయితే స్తంభాలు, పూలకుండీలు, నిలిపి ఉంచిన కారు కలిసి గుమ్మాన్ని వీధిలోని వారి కంటికి కనబడనీయవు కాబట్టి, తలుపు పెకలించేవాడికి కావలసిన చాటు కూడా అక్కడే దొరుకుతుంది. అందువల్ల పోర్టికో ఉన్న ఇంటి తలుపు ఎక్కువసేపు తట్టుకునేదిగా ఉండాలి. యూరప్‌లో ఈఎన్ 1627 ప్రమాణం కూడా తలుపు బలాన్ని కొలిచేటప్పుడు ఇలా సమయాన్ని చూస్తుంది: పరీక్షించేవారు నిర్దిష్టమైన పనిముట్లతో ప్రయత్నించినప్పుడు ఆర్‌సీ 2 (ఆర్‌సీ అంటే తలుపు ఎంత తట్టుకుంటుందో చెప్పే తరగతి) తలుపు 3 నిమిషాలు, ఆర్‌సీ 3 తలుపు 5 నిమిషాలు నిలవాలి.

ఇప్పుడు ఈ ద్వారబంధాన్ని దగ్గరగా చూడండి. తాళం నాలుక వెళ్లి కూర్చునే ఈ చిన్న రేకును స్ట్రైక్ ప్లేట్ అంటారు. లోపలికి తెరుచుకునే తలుపును కాలితో తన్నినప్పుడు ఆ దెబ్బలో ఎక్కువ భాగం ఈ రేకు మీదే పడుతుంది. దీన్ని అరంగుళం స్క్రూలతో బిగిస్తే, చెక్క చీలి రేకు ఊడివస్తుంది. వేలు పోసి కొన్న తాళం మాత్రం చెక్కుచెదరకుండా తలుపుకే ఉండిపోతుంది. మందమైన ఉక్కు రేకును రెండు, రెండున్నర అంగుళాల స్క్రూలతో బిగించమని వడ్రంగికి ముందే చెప్పండి. ద్వారబంధాన్ని గోడకు పట్టి ఉంచే హోల్డ్‌ఫాస్టులు ఒక్కో పక్క కనీసం మూడు ఉండి, కాంక్రీటుతో గట్టిగా కూరి ఉండాలి. ప్లాస్టరింగ్ అయ్యాక అవి కనబడవు గనుక, ఆ పని జరిగే రోజున మీరు దగ్గరుండడం మంచిది.

టేకు తలుపు విషయంలో చుట్టూ ఉన్న చట్రం 40 మిల్లీమీటర్లు ఉందని సంతృప్తి పడకూడదు, మధ్య పలకలు ఎంత మందం ఉన్నాయో కూడా చూడాలి. లోతుగా చెక్కిన నగిషీ దగ్గర పలక బాగా పలచబడుతుంది. స్టీలు తలుపు కొనేటప్పుడు గేజ్ అడగండి. ఆ అంకె పెరిగేకొద్దీ రేకు మందం తగ్గుతుంది: 18 గేజ్ దాదాపు 1.2 మిల్లీమీటర్లు, 20 గేజ్ దాదాపు 0.9 మిల్లీమీటర్లు. ఫ్రేముతో కలిపి రావడం, ఒకే తాళంచెవితో పలుచోట్ల గడియలు పడడం స్టీలు తలుపుకున్న గొప్ప బలం. విశాఖపట్నం, కాకినాడ వంటి సముద్రతీర పట్టణాలలో మాత్రం జింకు పూత లేని రేకును తీసుకోకండి, ఉప్పుగాలికి త్వరగా తుప్పు పడుతుంది.

తాళాల సంగతికి వస్తే, బయట గొళ్లానికి వేలాడే తాళంకప్పను నేను సిఫారసు చేయను, ఎందుకంటే ఇంట్లో ఎవరూ లేరని అదే చాటి చెబుతుంది. తలుపులో ఇమిడిపోయే మోర్టైజ్ తాళం మేలు, కానీ తాళంచెవి దూర్చే దాని సిలిండర్, చుట్టూ బిగించిన పైరేకుకు మించి బయటికి పొడుచుకు రాకూడదు. వస్తే దాన్ని పట్టుకుని విరిచేయడం సులభమవుతుంది. డిజిటల్ తాళం తీసుకుంటే, బ్యాటరీ అయిపోయినప్పుడు తెరవడానికి తాళంచెవి గానీ, బయటి నుంచి కరెంటు అందించే ఏర్పాటు గానీ ఉందో లేదో చూసుకోండి.

నా ఎంపిక అడిగితే, జిల్లా ఏదైనా సరే, మంచి ద్వారబంధంలో నిలిపిన సాదా టేకు తలుపుకు మోర్టైజ్ తాళం, లోపల పైనా కిందా గడియలు. నగిషీకి పెట్టే డబ్బును పోర్టికో ముందు ఇనుప గ్రిల్ గేటుకు పెట్టడం నాకు సబబుగా తోస్తుంది. తలుపు పక్కనే కిటికీ ఉంటే, కమ్మీల మధ్య నుంచి చెయ్యి దూర్చితే గడియ అందుతుందేమో మీరే పరీక్షించి, అందితే గడియ స్థానం మార్పించండి. అగ్నిప్రమాదం జరిగినప్పుడు ఇంట్లోని పెద్దలూ పిల్లలూ తాళంచెవి కోసం వెతుక్కోకుండా బయటపడాలి కాబట్టి, లోపలి నుంచి చెవి లేకుండానే తెరుచుకునే తాళాన్నే బిగించండి.